హెచ్ఐవీ మందులు వాడే పిల్లలకు మలేరియా బిళ్ళ: ఆర్టిమీథర్–లుమెఫాంట్రిన్‌పై ఒక సమీక్ష

మలేరియా సోకిన పిల్లలకు నీళ్లలో కలిపి తాగించే ఆర్టిమీథర్–లుమెఫాంట్రిన్ బిళ్ళ మీద ఈ సమీక్ష రాస్తున్నాను. మామూలు పిల్లల్లో ఈ మందు ఎంత బాగా పనిచేస్తుందో ఇప్పటికే చాలామంది రాశారు. కాబట్టి నేను తల్లి నుంచి హెచ్ఐవీ సంక్రమించి, హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు రోజూ వేసుకుంటున్న పిల్లల సంగతికే పరిమితమవుతాను. అలాంటి పిల్లల కోసమే నడిచే ఒక క్లినిక్‌లో, మలేరియా ఏడాది పొడవునా వదలని ప్రాంతంలో, మందులిచ్చే కిటికీ వెనక చాలా ఏళ్లు పనిచేశాను. ఈ బిళ్ళల పెట్టెలు నా చేతుల మీదుగా ఎన్ని వెళ్లాయో లెక్క పెట్టలేదు గానీ, వాటిలో ఏవి జ్వరాన్ని పూర్తిగా దించాయో, ఏవి నెల తిరక్కుండానే అదే బిడ్డను అదే కిటికీ ముందుకు తెచ్చాయో గమనిస్తూ ఉండటం అలవాటైపోయింది.

ముందుగా వస్తువు గురించి చెబుతాను. ఒక్కో బిళ్ళలో 20 మిల్లీగ్రాముల ఆర్టిమీథర్, 120 మిల్లీగ్రాముల లుమెఫాంట్రిన్ ఉంటాయి. మునుపు పెద్దవాళ్ల బిళ్ళనే పొడి చేసి పిల్లలకు పట్టేవారు. ఆ చేదుకు పిల్లలు మందును ఉమ్మేసేవారు, కొందరు వాంతి చేసుకునేవారు. నోవార్టిస్ సంస్థ, మెడిసిన్స్ ఫర్ మలేరియా వెంచర్ అనే లాభాపేక్ష లేని సంస్థ కలిసి, చెర్రీ రుచితో నీళ్లలో విచ్చుకునే బిళ్ళను 2009లో తెచ్చిన తరువాత ఆ బాధ చాలా వరకు తగ్గింది. తరువాత ఇతర కంపెనీలు కూడా ఇలాంటి బిళ్ళలే చేస్తున్నాయి. చిన్న గిన్నెలో రెండు చెంచాల నీళ్లు పోసి బిళ్ళ వేస్తే, అంచుల నుంచి మొదలై కొద్దిసేపట్లోనే పసుపు రంగు గుజ్జుగా విచ్చుకుంటుంది. కదపకుండా వదిలేస్తే ఆ పసుపంతా అడుగున పేరుకుంటుంది. ఆ పసుపే లుమెఫాంట్రిన్. అందుకే మందు తాగించిన గిన్నెలో మళ్లీ కొంచెం నీళ్లు పోసి, అడుగు కడిగి, అది కూడా పట్టించమని నేను ప్రతి తల్లికీ చేసి చూపించేవాణ్ని. ఈ కడిగిన నీళ్లను పారబోయడం వల్ల డోసు తగ్గిపోయే పిల్లలు మనం అనుకునే దానికన్నా ఎక్కువ ఉంటారని నా అభిప్రాయం.

మోతాదు బరువును బట్టి ఉంటుంది. 5 కిలోల నుంచి 15 కిలోల లోపు పిల్లలకు పూటకు ఒక బిళ్ళ, 15 నుంచి 25 కిలోల లోపు వారికి రెండు, 25 నుంచి 35 కిలోల లోపు వారికి మూడు. మూడు రోజుల్లో మొత్తం ఆరు డోసులు పడాలి. మొదటి డోసు పడిన 8 గంటలకు రెండోది వేసి, ఆ తరువాతి రెండు రోజులూ ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి ఇవ్వాలి. కాగితం మీద సులువుగా కనిపించే ఈ ఏర్పాటులో అసలు చిక్కు ఆ రెండో డోసు దగ్గరే వస్తుంది. క్లినిక్‌లో వరుస తరిగి, పరీక్ష పూర్తయి, బిడ్డ చేత మొదటి బిళ్ళ నా ఎదుట తాగించేసరికి సాయంత్రం నాలుగయితే, రెండోది అర్ధరాత్రి పన్నెండుకు పడాలి. జ్వరం దిగి అప్పుడే నిద్రపోయిన బిడ్డను లేపి మందు పట్టమంటే ఏ తల్లికైనా మనసొప్పదు. ‘పొద్దున్నే వేస్తే ఏమవుతుందండీ’ అని అడిగిన వాళ్లను నేను ఎన్నడూ కోప్పడలేదు. మొదటి రోజే రక్తంలో మందు తగినంత చేరకపోతే పరాన్నజీవులు తేరుకునే వీలుంటుందని, ఆ ఒక్క రాత్రి మాత్రం నిద్ర చెడినా పరవాలేదని చెప్పి, వేయాల్సిన వేళ పెట్టె మీద రాసి ఇచ్చేవాణ్ని. తాగించిన గంటలోపు వాంతి అయితే అదే డోసు మళ్లీ ఇవ్వాలి. అందుకోసం ఒక బిళ్ళ అదనంగా ఉంచే వీలు పెట్టెలో లేకపోవడం నాకు లోపంగానే తోచింది.

ఇంకొక్క మాట, లుమెఫాంట్రిన్ కొవ్వుతో కలిస్తేనే ఒంటికి బాగా పడుతుంది. జ్వరంలో ఉన్న బిడ్డ అన్నం ముట్టదు గనక, చనుబాలు గానీ కొన్ని గుక్కల పాలు గానీ పట్టించి వెంటనే బిళ్ళ ఇస్తే సరిపోతుంది. ఖాళీ కడుపున మూడు రోజులు మింగిన మందు, పాలతో మింగిన మందు ఒకటి కావు.

ఇంతవరకు ఏ బిడ్డకైనా వర్తించే విషయాలు చెప్పాను. ఏఆర్‌టీ మీద ఉన్న బిడ్డ దగ్గరకు వచ్చేసరికి ఈ బిళ్ళ గుణం మారుతుంది. అది మెరుగైనదిగా మారుతుందా, బలహీనమవుతుందా అన్నది ఆ బిడ్డ వేసుకుంటున్న హెచ్ఐవీ మందు ఏమిటన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ సంగతి పెట్టె పైభాగంలో ఎక్కడా ఉండదు. లోపల మడిచి పెట్టిన కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో, మందుల పేర్ల వరుసలో ఎక్కడో ఉంటుంది. ఆ కాగితాన్ని విప్పి చదివిన తల్లిని గానీ, నిజం చెప్పాలంటే నర్సును గానీ నేను చూడలేదు.

ఆరేళ్ల పాప ఒకర్తి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎఫావిరెంజ్ అనే హెచ్ఐవీ మందు కలిసిన ఏఆర్‌టీ రోజూ రాత్రి తప్పకుండా వేసుకునేది. వైరల్ లోడ్, అంటే రక్తంలో హెచ్ఐవీ ఎంత ఉందన్న లెక్క, అదుపులోనే ఉంది, బరువూ పెరుగుతోంది. ఆ వానాకాలంలో మలేరియా వచ్చింది. ఇదే బిళ్ళ ఇచ్చాం, రెండో రోజుకే జ్వరం దిగింది. నాలుగు వారాలు గడవకముందే మళ్లీ జ్వరం, రక్తపు చుక్కలో మళ్లీ పరాన్నజీవి. ఈసారి ఆరు డోసులూ వేళ తప్పకుండా వేశామని అమ్మమ్మ ఖాళీ అట్ట తెచ్చి చూపించింది. మూడోసారి కూడా అలాగే వచ్చినప్పుడు అక్కడి వైద్య సిబ్బందిలో ఒకరు, ఇంట్లో మందు సరిగ్గా వేయడం లేదని ఆవిడను అందరి ముందూ మందలించారు. ఆవిడ ఏమీ అనలేదు, అట్టను కొంగులో కట్టుకుని వెళ్లిపోయింది. తప్పు ఆవిడది కాదని అప్పటికప్పుడు నాకు తట్టనందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

జరిగిందేమిటంటే, కాలేయంలో సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. ఆర్టిమీథర్‌నూ లుమెఫాంట్రిన్‌నూ విరిచి ఒంట్లోంచి పంపేసేది ప్రధానంగా అదే. ఎఫావిరెంజ్ రోజూ ఒంట్లో ఉంటే ఆ ఎంజైమ్ ఎక్కువగా తయారవుతుంది. అప్పుడు మనమిచ్చే మలేరియా మందు అడుగున చిల్లున్న కుండలో పోసిన నీళ్ల లాగా జారిపోతుంది. ఉగాండా పిల్లల్లో కొలిచి చూసినప్పుడు, ఎఫావిరెంజ్ వాడేవారి రక్తంలో లుమెఫాంట్రిన్ మొత్తం సుమారు సగానికి పడిపోయినట్టు తేలింది. ఈ జంటలో ఆర్టిమీథర్ పని గంటల్లో ముగుస్తుంది. కోట్లాది పరాన్నజీవులను మొదటి దెబ్బకే చంపి, తను వెళ్లిపోతుంది. మిగిలిన కొద్దిపాటి వాటిని వెతికి చంపేదీ, ఆ తరువాత రెండు మూడు వారాలపాటు కొత్త దోమకాటు వల్ల వచ్చే పరాన్నజీవిని నిలదొక్కుకోనీయకుండా కాచేదీ లుమెఫాంట్రిన్. అది సగమే ఉన్నప్పుడు జ్వరం మామూలుగానే దిగుతుంది, అందుకే మందు పనిచేసిందని అందరం అనుకుంటాం. తగ్గేది ఆ తరువాతి వారాల కాపుదల. పాపకు జరిగింది సరిగ్గా ఇదేనని నేను అనుకుంటున్నాను.

దీనికి పూర్తి విరుద్ధంగా, లోపినావిర్–రిటోనావిర్ అనే హెచ్ఐవీ మందుల జంట వేసుకునే పిల్లల్లో ఇదే బిళ్ళ ఎంతో గట్టిగా నిలబడుతుంది. రిటోనావిర్ ఆ ఎంజైమ్‌ను అణచిపెడుతుంది కాబట్టి లుమెఫాంట్రిన్ ఒంట్లో ఎక్కువగా, ఎక్కువ రోజులు ఉంటుంది. ఈ విషయాన్ని సందేహానికి తావు లేకుండా చూపించిన అధ్యయనం తూర్పు ఉగాండాలోని టొరొరోలో జరిగింది, ఫలితాలు 2012లో వెలువడ్డాయి. హెచ్ఐవీ ఉన్న 170 మంది చిన్నపిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు లోపినావిర్–రిటోనావిర్ ఉన్న ఏఆర్‌టీ, రెండో జట్టుకు నెవిరపిన్ లేదా ఎఫావిరెంజ్ ఉన్న ఏఆర్‌టీ ఇచ్చారు. పిల్లలందరికీ దోమతెరలూ, ఇతర జబ్బులు సోకకుండా రోజూ వేసే కోట్రైమాక్సజోల్ కూడా ఇచ్చారు. మలేరియా వచ్చిన ప్రతిసారీ చికిత్స మాత్రం మనం మాట్లాడుకుంటున్న ఈ ఆర్టిమీథర్–లుమెఫాంట్రిన్‌తోనే. రెండో జట్టులో ఒక్కో బిడ్డకు ఏడాదికి సగటున 2.25 సార్లు మలేరియా వస్తే, లోపినావిర్ జట్టులో 1.32 సార్లే వచ్చింది. అంటే 41 శాతం తక్కువ. ఈ తేడాలో ఎక్కువ భాగం మొదటిసారి జ్వరం రాకుండా ఆగడం వల్ల వచ్చింది కాదు, చికిత్స తరువాత మళ్లీ జ్వరం రాకపోవడం వల్ల వచ్చిందే. చికిత్స తరువాత 63 రోజుల లోపు మలేరియా తిరగబెట్టే అవకాశం లోపినావిర్ జట్టులో 28.1 శాతం, రెండో జట్టులో 54.2 శాతం. ఏడో రోజున రక్తంలో లుమెఫాంట్రిన్ మిల్లీలీటరుకు 300 నానోగ్రాములు దాటిన పిల్లల్లో తిరగబెట్టడం బాగా తగ్గిందని కూడా వాళ్లు చూశారు.

ఈ అంకెలు చదివిన రోజున నేను ఆ అమ్మమ్మ కొంగులోని అట్టను తలచుకున్నాను. ఒకే కంపెనీ, ఒకే బ్యాచ్, ఒకే ఆరు డోసులు. ఒక బిడ్డకు నెలా రెండు నెలల రక్ష, మరో బిడ్డకు కొద్ది రోజుల ఊరట. వస్తువును సమీక్షించేటప్పుడు దాన్ని విడిగా చూసి మార్కులు వేయడం ఈ మందు విషయంలో ఎందుకు కుదరదో ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేను.

అయితే మలేరియా కోసమని పిల్లలందరినీ లోపినావిర్‌కు మార్చాలని నేను అనడం లేదు. పిల్లలకిచ్చే లోపినావిర్ ద్రవ మందు తాగించిన వాళ్లకు తెలుసు, అందులో 42 శాతం ఆల్కహాల్ ఉంటుంది, చేదు నాలుక మీద గంటసేపు నిలుస్తుంది, మందుల గదిలో చల్లగా ఉంచాలి. ముక్కు మూసి, తల వెనక్కి వంచి, ఇద్దరు పట్టుకుంటే గానీ మింగని పిల్లలను చూశాను. 2015 తరువాత వచ్చిన చిన్న గుళికలు, అంటే గొట్టం విప్పి మెత్తటి తిండి మీద చల్లి పెట్టేవి, నిల్వ సమస్యను తీర్చాయి గానీ చేదును పూర్తిగా దాచలేకపోయాయి. పైగా లుమెఫాంట్రిన్‌కూ లోపినావిర్‌కూ రెండింటికీ గుండె లయపై ఈసీజీలో కనిపించే కొంత ప్రభావం ఉంది కాబట్టి, పుట్టుకతో గుండె జబ్బు ఉన్న బిడ్డ విషయంలోనూ, పొటాషియం తగ్గిన బిడ్డ విషయంలోనూ డాక్టరు చూసే తీరాలి.

ఇప్పుడు పరిస్థితి మారింది, మంచికే మారింది. డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు నీళ్లలో కరిగే 10 మిల్లీగ్రాముల బిళ్ళకు 2020లో అనుమతి వచ్చింది. 4 వారాల వయసూ 3 కిలోల బరువూ దాటిన పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నే మొదటి ఎంపికగా చెబుతోంది. డోలుటెగ్రావిర్ ఆ ఎంజైమ్‌ను పెంచదు, అణచదు. కాబట్టి ఆర్టిమీథర్–లుమెఫాంట్రిన్ తన మామూలు బలంతో పనిచేస్తుంది, రెండిటిలో దేని మోతాదూ మార్చనక్కర్లేదు. లోపినావిర్ ఇచ్చిన అదనపు రక్ష ఇక్కడ దొరకదు, ఎఫావిరెంజ్ చేసిన నష్టమూ ఉండదు. ఏఆర్‌టీ మీద ఉన్న బిడ్డకు ఈ మలేరియా బిళ్ళను నేను ఏ సంకోచమూ లేకుండా చేతికివ్వగలిగేది ఈ జంటలోనే.

ఇక్కడ కూడా ఒక్క చోట జాగ్రత్తగా ఉండాలి. మలేరియా తగ్గిన బిడ్డకు రక్తం పడిపోయి ఉంటుంది కాబట్టి చాలామంది ఐరన్ సిరప్ రాస్తారు. ఖాళీ కడుపున ఐరన్ గానీ కాల్షియం గానీ డోలుటెగ్రావిర్‌తో కలిపి ఇస్తే అవి దాన్ని పట్టుకుని ఒంట్లోకి పోనీయవు. అన్నంతో పాటు ఇస్తే రెండూ కలిపి ఇవ్వవచ్చు. లేదంటే డోలుటెగ్రావిర్ ఐరన్‌కు 2 గంటల ముందో, 6 గంటల తరువాతో పడాలి. మలేరియా తరువాత ఉన్నట్టుండి వైరల్ లోడ్ పెరిగిన ఒక బాబు విషయంలో, తల్లి రోజూ పొద్దున్నే పరగడుపున రెండు మందులూ ఒకే చెంచాలో కలిపి పడుతోందని తెలిసింది. ఒకదాని తరువాత ఒకటి తాగించే ఓపిక బాబుకు లేదని ఆమె అలా చేసింది. ఆమెకు వేరే ఎవరూ ఏమీ చెప్పలేదు.

కోట్రైమాక్సజోల్ గురించి రాయకపోతే ఈ సమీక్ష అసంపూర్ణమవుతుంది, ఎందుకంటే మలేరియా బిళ్ళ మొదలుపెట్టిన రోజున దీన్ని ఆపేయడం నేను తరచుగా చూసిన పొరపాటు. ‘ఇప్పటికే మందులెక్కువయ్యాయి, ఈ మూడు రోజులు అది మానేయండి’ అని ఎవరో అంటారు. ఆ మూడు రోజులు మూడు నెలలవుతాయి. హెచ్ఐవీ ఉన్న పిల్లలకు కోట్రైమాక్సజోల్ న్యుమోనియా నుంచి కాపాడుతుందని అందరికీ తెలుసు. జాంబియాలో జరిగిన అధ్యయనంలో అది మరణాలను 43 శాతం తగ్గించిందని 2004లో తేలింది. మలేరియా పరాన్నజీవికి కావలసిన ఫోలేట్ తయారీని కూడా అది అడ్డుకుంటుందన్నది తక్కువమంది గుర్తుంచుకునే సంగతి. ఉగాండా, జింబాబ్వేలలో 96 వారాలకు పైగా ఏఆర్‌టీ తీసుకుని నిలకడగా ఉన్న 758 మంది పిల్లల్లో సగం మందికి దీన్ని ఆపి, సగం మందికి కొనసాగించి చూశారు. ఆపిన వారిలో 72 మంది ఆసుపత్రిలో చేరడమో చనిపోవడమో జరిగితే, కొనసాగించిన వారిలో 48 మందికి అలా జరిగింది. ఆసుపత్రి పాలు చేసిన కారణాల్లో మలేరియా ముందు వరుసలో ఉంది. అంతకు ముందే కంపాలాలో, కోట్రైమాక్సజోల్ రోజూ వేసుకుంటూ మందు పూసిన దోమతెరలో పడుకున్న హెచ్ఐవీ పిల్లలను, ఆ రెండూ లేని హెచ్ఐవీ లేని పిల్లలతో పోల్చి చూసినప్పుడు మలేరియా 97 శాతం తక్కువగా కనిపించింది. ఆర్టిమీథర్–లుమెఫాంట్రిన్‌తో కోట్రైమాక్సజోల్‌కు పేచీ ఏమీ లేదు. రెండూ కలిపి ఇవ్వవచ్చు, ఇవ్వాలి.

మిగతా మలేరియా మందులతో పోల్చినప్పుడు ఈ బిళ్ళ విలువ ఇంకా తెలుస్తుంది. ఆర్టిసునేట్–అమోడియాక్విన్ రోజుకొక్కసారే వేసే సులువైన మందు. కానీ ఎఫావిరెంజ్‌తో కలిస్తే కాలేయానికి దెబ్బ, జిడోవుడిన్ అనే మరో హెచ్ఐవీ మందుతో కలిస్తే తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉన్నందున, ఆ రెండు మందుల మీద ఉన్నవారికి దాన్ని ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. ఆర్టిసునేట్–సల్ఫడాక్సిన్–పైరిమెథమిన్ కోట్రైమాక్సజోల్ వేసుకునే బిడ్డకు పనికిరాదు. రెండూ సల్ఫా జాతివే, పరాన్నజీవి మీద దెబ్బ తీసే చోటూ ఒకటే. వానాకాలంలో పిల్లలందరికీ నెలనెలా ఇచ్చే నివారణ బిళ్ళలను కూడా ఈ కారణంగానే కోట్రైమాక్సజోల్ మీద ఉన్న పిల్లలకు ఇవ్వరు. ఇంటికి వచ్చి బిళ్ళలిచ్చే కార్యకర్తకు ఆ మాట చెప్పాల్సింది తల్లే. ఇరుగుపొరుగు ముందు ఆ మాట చెప్పడం ఆమెకు ఎంత కష్టమో మనం మరిచిపోకూడదు. డైహైడ్రోఆర్టిమిసినిన్–పైపెరాక్విన్ రోజుకొక డోసుతో పోతుంది, రక్ష ఎక్కువ వారాలు ఉంటుంది. కానీ ఎఫావిరెంజ్ దాన్ని కూడా తగ్గిస్తుంది. ఇలా ఒక్కొక్కటీ పక్కన పెడుతూ వస్తే చివరికి చేతిలో మిగిలేది చాలాసార్లు ఈ పసుపు బిళ్ళే.

బిళ్ళ ఇచ్చే ముందు పరీక్ష తప్పదు. ఏఆర్‌టీ మీద ఉన్న బిడ్డకు జ్వరం వచ్చిందంటే మలేరియాతో పాటు న్యుమోనియా, క్షయ, రక్తంలో బాక్టీరియా అన్నిటినీ తలచుకోవాలి. అబాకావిర్ అనే హెచ్ఐవీ మందు మొదలుపెట్టిన తొలి ఆరు వారాల్లో జ్వరం, దద్దుర్లు, వాంతులు కలిసి వస్తే అది ఆ మందు పడకపోవడం కూడా కావచ్చు. దాన్ని మలేరియా అనుకుని ఊరుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. వేలి నుంచి రక్తపు చుక్క తీసి పావుగంటలో చెప్పే కార్డు పరీక్ష బాగానే పనిచేస్తుంది. అయితే అది వెతికే హెచ్ఆర్‌పీ2 అనే ప్రోటీన్ పరాన్నజీవులు చచ్చిన తరువాత కూడా వారాలపాటు రక్తంలో ఉంటుంది. కాబట్టి పోయిన నెలలో చికిత్స పొందిన బిడ్డకు కార్డు మీద రెండు గీతలు కనిపించినంత మాత్రాన మలేరియా తిరగబెట్టిందని తేల్చకూడదు. గాజు పలక మీద రక్తం పూసి సూక్ష్మదర్శినిలో చూడాలి. పైన చెప్పిన పాపకు మూడుసార్లూ పలక మీద పరాన్నజీవిని కళ్లతో చూశాం గనకనే, మందే సరిపోవడం లేదన్న అనుమానం చివరికి నిలబడింది. ఆమె ఏఆర్‌టీని తరువాత డాక్టరు మార్చారు.

బిడ్డ తాగలేకపోతున్నా, తాగిందంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలక్కపోయినా ఈ బిళ్ళతో కాలయాపన చేయకూడదు. అది ఆర్టిసునేట్ ఇంజెక్షన్ ఇవ్వాల్సిన వేళ. బిడ్డ తేరుకుని నోటితో తాగగలిగిన తరువాత ఈ బిళ్ళను మూడు రోజులు పూర్తిగా ఇచ్చి చికిత్స ముగిస్తారు. ఇంజెక్షన్లు అయిపోయాయని ఆ మూడు రోజులను వదిలేసి ఇంటికి పంపడం కూడా చూశాను.

5 కిలోల లోపు పసికందుల విషయంలో ఈ ఉత్పత్తి చాలాకాలం చేతులెత్తేసింది. బిళ్ళను అంచనాగా సగం చేసి ఇవ్వడం తప్ప మాకు దారి ఉండేది కాదు. 2 నుంచి 5 కిలోల లోపు శిశువుల కోసం వేరే పాళ్లలో చేసిన ఆర్టిమీథర్–లుమెఫాంట్రిన్‌కు 2025 జూలైలో స్విట్జర్లాండ్ ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. హెచ్ఐవీ ఉన్న తల్లులకు పుట్టి, తొలి వారాల నుంచే మందులు తాగే శిశువులకు ఇది అందాలని మనసారా కోరుకుంటున్నాను.

డోలుటెగ్రావిర్ మీదో లోపినావిర్ మీదో ఉన్న బిడ్డకైతే, పరీక్షలో మలేరియా తేలాక ఈ బిళ్ళకు నేను పూర్తి మార్కులు వేస్తాను. ఇంకా ఎఫావిరెంజ్ మీదే ఉన్న బిడ్డకైతే ఇచ్చి ఊరుకోవద్దంటాను. ఆ బిడ్డను 28వ రోజు వరకు కనిపెట్టుకుని ఉండాలి, డోలుటెగ్రావిర్‌కు మార్చే వీలుందేమో ఏఆర్‌టీ డాక్టరును ఆ వారమే అడగాలి. తల్లి మాత్రం డాక్టరు చెప్పకుండా ఏ మందూ మానకూడదు. తయారీదారులు పెట్టె వెనక ఖాళీగా ఉన్న అట్ట మీద ‘రోజూ వేసుకునే ఇతర మందు’ అని ఒక గడి అచ్చు వేస్తే చాలు, మందిచ్చే మనిషి ఆ ప్రశ్న అడిగి తీరాల్సి వస్తుంది. ఆ గడి వచ్చేదాకా నేను అదే చోట కలంతో మూడు సంగతులు రాసి ఇస్తున్నాను: రెండో డోసు వేయాల్సిన గంట, బిడ్డ వేసుకునే ఏఆర్‌టీకి మా క్లినిక్ వాళ్లకు మాత్రమే తెలిసిన ఒక గుర్తు, జ్వరం వచ్చినా రాకపోయినా తిరిగి చూపించాల్సిన 28వ రోజు తేదీ. ఏఆర్‌టీ పేరును పూర్తిగా రాయను, ఆ పెట్టె ఇంట్లో ఎవరి కంటనైనా పడవచ్చు.